మధ్యలో పడుకోండమ్మా

దుప్పటి మార్చాలంటే పరుపు నాలుగు మూలలూ ఎత్తాలి. మూడు మూలలయ్యాయి, నాలుగోది ఎత్తబోతుంటే మా ఆయన తువ్వాలుతో తల తుడుచుకుంటూ గదిలోకి వచ్చారు. దుప్పటి లేని పరుపుని ఆయన అంతకుముందు ఎప్పుడూ చూసినట్టు లేరు. కాసేపు అలాగే చూస్తూ నిలబడిపోయారు.

"నా పక్కంతా గుంత పడిపోయింది. అందుకే నడుం పట్టేస్తోంది. నీ పక్క చూడు, కొన్నప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది. అదృష్టవంతురాలివి," అన్నారు.

నేనూ చూశాను. ఆయన చెప్పింది నిజమే. ఆయన వైపు భుజాల దగ్గరొక పల్లం, నడుం దగ్గర మరింత లోతుగా ఇంకొకటి. ఆయన ఆఫీసుకి వెళ్ళిపోయాక కూడా ఆ మంచం మీద ఆయన పడుకునే ఉన్నట్టుండేది. నా వైపు మాత్రం తలుపుకి దగ్గరగా, అంచున జానెడు మేర గుడ్డ రంగు వెలిసింది, అంతే. ఇన్నేళ్ళూ నేను ఆ జానెడులో పడుకున్నానన్నమాట. అక్కడే పడుకోమని నాకెవరూ చెప్పలేదు. అమ్మాయి పుట్టాక అది మధ్యలో పడుకునేది, నేను అంచుకి జరిగాను. అది పెద్దదై వేరే గదికి వెళ్ళిపోయింది గానీ నేను వెనక్కి జరగడం మర్చిపోయాను. తర్వాత జరుగుదామన్నా వీలయ్యేది కాదు, పరుపు ఆయన వైపుకి వాలిపోయింది. ఒళ్ళు వదిలేస్తే దొర్లుకుంటూ ఆ పల్లంలోకి వెళ్ళిపోతాను. ఆయనకి ఉక్కపోస్తుంది, "అటు జరుగు" అంటారు. అందుకని పడుకున్నంతసేపూ ఒక చేత్తో పరుపు అంచు పట్టుకుని ఉంటాను. కదిలే బస్సులో కడ్డీ పట్టుకున్నట్టు.

దాన్ని నిద్ర అనొచ్చో లేదో నాకు తెలియదు. ఒళ్ళు పడుకుంటుంది, చెవులు కాపలా కాస్తాయి. పక్క గదిలో మా అత్తయ్య మంచం కిర్రుమంటే ఆవిడ లేచి కూర్చున్నారని తెలుస్తుంది. దగ్గితే మంచినీళ్ళు కావాలని తెలుస్తుంది. "అమ్మాయ్" అని ఆవిడ పూర్తిగా పిలవకముందే నా కాళ్ళు నేల మీద ఉంటాయి. మా అమ్మాయిని ఇంట్లో అందరం పిచ్చుక అంటాం, తిండి తక్కువ, కబుర్లు ఎక్కువ. దానికి ఎదిగే వయసు, పిక్కలు పట్టేసి నిద్రలో మూలుగుతుంది. వెళ్ళి కాళ్ళు పట్టాలి. ట్యాంకు నిండి నీళ్ళు పొర్లే చప్పుడైతే మోటారు ఆపాలి. మా ఆయన అలారం పెట్టుకుంటారు, అది మోగేది నాకోసం. నేను లేచి ఆయన్ని లేపాలి. "మీ కోడలికి ఆకు కదిలినా మెలకువొచ్చేస్తుందటగా" అని ఒకసారి పక్కింటావిడ అంటే, "ఆ ఒక్క విషయంలో దానికి వంక పెట్టలేం" అన్నారు అత్తయ్య. అది మెచ్చుకోలనుకుని ఆ రోజంతా మురిసిపోయాను కూడా.

ఒళ్ళు తెలియకుండా చివరిసారి ఎప్పుడు నిద్రపోయానా అని ఆలోచిస్తే, కడుపు కోసి పిచ్చుకని బయటికి తీసిన రోజు గుర్తొస్తుంది. ముక్కు మీద ఏదో పెట్టి అంకెలు లెక్కపెట్టమన్నారు. రెండో అంకె దగ్గరే మునిగిపోయాను. తేలేసరికి ఒళ్ళంతా నొప్పి, పక్కన పసిపిల్ల, చుట్టూ మనుషులు. అయినా మళ్ళీ అక్కడికే, ఆ అడుక్కే వెళ్ళిపోవాలనిపించింది. ఈ మాట ఎవరికీ చెప్పలేదు. చెప్తే ఏ తల్లయినా ఇలా అనుకుంటుందా అంటారు.

కళ్ళజోళ్ళ దుకాణంలో కళ్ళు పరీక్ష చేసే ఉద్యోగం నాది. చిన్న చీకటి గది. ఎదురుగా వెలుగుతున్న పలక మీద అక్షరాల వరసలు. కుర్చీలో కూర్చున్నవాళ్ళ కళ్ళ ముందు అద్దాలు మార్చి మార్చి, "ఇది బాగా కనిపిస్తోందా, ఇందాకటిదా?" అని అడుగుతుంటాను. చాలామంది వచ్చీరాగానే "డాక్టరు గారు లేరా?" అంటారు. నేనే చూస్తానంటే ఒకసారి నా వెనక్కి తొంగి చూస్తారు, ఇంకెవరైనా వస్తారేమోనని. అదంతా అలవాటైపోయింది. అలవాటు కానిది ఆ చీకటి. మధ్యాహ్నం భోజనం తర్వాత ఆ చీకటి గదిలో, చల్లటి గాలికి, "ఇది... ఇది... ఆ, ఇది కొంచెం నయం" అనే గొంతులు వింటుంటే కళ్ళు వాటంతటవే మూసుకుపోయేవి.

ఒకరోజు రిటైరైన హెడ్‌మాస్టరు గారొకాయన వచ్చారు. పై వరస నుంచి చదవమన్నాను. ఆయన చదవడం మొదలుపెట్టారు. నేను గోడకి ఆనుకున్నాను. ఆయన చివరి వరస దాకా చదివి, చాలని ఎవరూ అనకపోయేసరికి మళ్ళీ మొదటినుంచి చదివి, తర్వాత తలుపు తీసుకుని బయటికొచ్చి, "మీ మేడం గారు పడుకున్నారు. లేపమంటారా, ఉండనివ్వమంటారా?" అని మా యజమానిని అడిగారట. మా యజమానికి నవ్వు రాలేదు. "ఇంట్లో నిద్రపోరా మేడం? ఇంకోసారి ఇలా అయితే నేను వేరే మనిషిని చూసుకోవాల్సొస్తుంది," అన్నారు. గట్టిగా అనలేదు. మెల్లగా, అందరూ వినేంత మెల్లగా అన్నారు.

ఇంటికొచ్చి మా ఆయనతో చెప్పాను. "మరి ఇంట్లో పడుకుంటున్నావుగా, మళ్ళీ అక్కడ కూడానా?" అన్నారు. పడుకోవడం వేరు, నిద్రపోవడం వేరు అని చెప్పబోయాను. ఆయన అప్పటికే ఫోన్లో పరుపులు చూస్తున్నారు.

పరుపు సంగతి ఇంటిల్లిపాదికీ పనైపోయింది. మా ఆయన నడుం కోసం మా ఆడపడుచు భర్త ఫోన్లో సలహా ఇచ్చారు: "బావా, ఎంత గట్టిగా ఉంటే అంత మంచిది. మెత్తటి పరుపు మనిషిని మింగేస్తుంది." కొబ్బరిపీచుది మేలని ఆయన ఆఫీసులో ఎవరో అన్నారట, స్ప్రింగులది వద్దని ఇంకెవరో అన్నారట. పిచ్చుక గెంతితే పైకి ఎగిరేది కావాలంది. అత్తయ్య ఏదైనా సరే, మంచం దిగేటప్పుడు కాళ్ళు నేలకి ఆనాలన్నారు, ఆవిడ పడుకునే మంచం అది కాకపోయినా సరే. నన్నెవరూ అడగలేదు. అడిగితే ఏం చెప్పేదాన్నో కూడా నాకు తెలియదు. రోజంతా "ఇది నయమా, అది నయమా" అని ఊరందర్నీ అడిగే మనిషిని, నాకేది నయమో ఎప్పుడూ చూసుకోలేదు.

సెలవురోజు పొద్దున నలుగురం పరుపుల దుకాణానికి వెళ్ళాం. పెద్ద హాలు. కిటికీలకి పల్చటి తెల్లటి పరదాలు. వాటిలోంచి వెలుగు వడకట్టినట్టు లోపలికి వస్తోంది. ఎటు చూసినా పరుపులే, ఒక్క మనిషి కూడా పడుకోని పరుపులు. నేల మీద ఏదో మెత్తటిది పరిచారు, మా అడుగుల చప్పుడు మాకే వినిపించడంలేదు. వీధిలోని గోలంతా తలుపు దగ్గరే ఆగిపోయింది. చేతిలో మంచినీళ్ళ సీసా, అత్తయ్య మందుల సంచి, ఆయన తీసిచ్చిన వాచీ పట్టుకుని నేను అందరి వెనకా నడిచాను.

పరుపులు చూపించే ఆవిడకి నా వయసే ఉంటుంది. మా ఆయన ఒక్కో పరుపు మీద వెల్లకిలా పడుకుని, కాళ్ళు చాపి, కప్పు వైపు చూస్తూ తీర్పులు చెప్తున్నారు. ఆవిడ నన్ను చూసి, "మీరు కూడా పడుకోండమ్మా. ఇద్దరికీ సరిపోవాలిగా," అంది.

"తనకి ఏదైనా ఒకటేలెండి," అన్నారు మా ఆయన.

"అలా ఉండదండీ. బరువు వేరు, ఒళ్ళు వేరు. ఒకరు దొర్లితే రెండోవాళ్ళకి తెలియకూడదు, అది ముఖ్యం," అని, నన్ను వరస చివర ఉన్న ఒక పరుపు దగ్గరికి తీసుకెళ్ళింది. చెప్పులు విప్పి కూర్చున్నాను. సంచి, సీసా, వాచీ ఆవిడే తీసుకుని పక్కన పెట్టింది. పడుకున్నాను.

"అంచున కాదు. మధ్యలో పడుకోండమ్మా."

జరిగాను.

"ఇంకొంచెం."

ఇంకొంచెం జరిగాను. నా రెండు వైపులా ఖాళీ. ఎటు చెయ్యి చాపినా పరుపే తగులుతోంది.

"ఇంట్లో ఎలా పడుకుంటారో అలా పక్కకి తిరగండి. భుజం లోపలికి దిగాలి, నడుం కింద ఖాళీ ఉండకూడదు. వెంటనే లేవకండి, ఒళ్ళు సర్దుకోవడానికి కాస్త టైం పడుతుంది," అంటోంది ఆవిడ. ఆ గొంతు దగ్గరగానే ఉంది, మెల్లగా దూరమవుతోంది. నా భుజం ఏదో మెత్తటిదాంట్లోకి దిగింది. నడుం కిందికి ఏదో వచ్చి పట్టుకుంది. ఎంతకాలం నుంచో ఎత్తి పట్టుకున్న బరువేదో నా చేతుల్లోంచి ఎవరో అందుకున్నట్టనిపించింది. తెల్లటి పరదా గాలికి ఉబ్బి లోపలికొచ్చింది, మళ్ళీ వెనక్కి పోయింది, మళ్ళీ వచ్చింది.

మా నాన్న భుజం మీద ఉన్నాను. బస్సు దిగి ఇంటికి నడుస్తున్నాం. నేను నిద్ర నటిస్తున్నాను, మెలకువగా ఉన్నానని తెలిస్తే దింపేస్తారని. నా చెంప కింద నాన్న చొక్కా, ఆ చొక్కాకి ఎండ వాసన. ఆయన అడుగు వేసినప్పుడల్లా నేను కొంచెం లేస్తాను, కొంచెం దిగుతాను. వెనకనుంచి ఎవరో "పెద్దపిల్లే కదా, దింపు, నడుస్తుంది" అంటున్నారు. నాన్న "పడుకోనీ" అంటున్నారు. దారి పక్కన ఏవో దీపాలు వెనక్కి పోతున్నాయి. నటిస్తూ నటిస్తూ ఎక్కడో నిజంగా నిద్రపోయాను. దీపాలు పోయాయి, దారి పోయింది, నాన్న పోయారు, నేనూ పోయాను. లోపలంతా వెచ్చటి చీకటి. అడుగు తగల్లేదు. తగలాలని కూడా అనిపించలేదు.

మళ్ళీ తేలేసరికి చుట్టూ మనుషులున్నారు. మా ఆయన ముఖం ఎర్రగా ఉంది. అత్తయ్య కుర్చీలో కూర్చుని నన్నే చూస్తున్నారు. ఎవరో దంపతులు నవ్వు ఆపుకుంటున్నారు. పిచ్చుక ఫోను ఎత్తి పట్టుకుని కిచకిచలాడుతోంది. పరదాల మీది ఎండ అటునుంచి ఇటు జరిగింది. నా చెంప కింద తడి. సిగ్గుతో లేచి కూర్చుని తుడుచుకున్నాను.

"ఎంతసేపు లేపామో తెలుసా?" అన్నారు మా ఆయన పళ్ళ మధ్యనుంచి. "నలుగుర్లో పరువు తీశావు."

"మరి ఏది తీసుకున్నారు?" అన్నాను. ఏదో ఒకటి అనాలి కాబట్టి.

ఆయన గట్టిది తీసుకున్నారు. అన్నిటికన్నా గట్టిది.

ఇంటికి చేరేసరికి పిచ్చుక తీసిన వీడియో బంధువులందరి ఫోన్లలోకీ వెళ్ళిపోయింది. మా ఆడపడుచు పడీపడీ నవ్వుతూ ఫోన్ చేసింది: "వదినా, అన్నయ్యతో చెప్పి పరుపుల కొట్టు పెట్టించమంటావా? నువ్వు పడుకుంటే చాలు, బేరం దానంతటదే అవుతుంది." నేనూ నవ్వాను. కుంభకర్ణుడి చెల్లెలన్నారు ఒకరు. ఇంటి చాకిరీ అంతా మా అత్తయ్యే చేస్తున్నట్టుందన్నారు ఇంకొకరు. మా ఆయన మాత్రం ఆ కొత్త పరుపు మీద హాయిగా నిద్రపోయారు. ఆయన నడుం నొప్పి తగ్గింది. నాకు వంటగట్టు మీద పడుకున్నట్టుండేది. ఒక పక్కకి తిరిగితే ఆ భుజం తిమ్మిరెక్కేది, రెండో పక్కకి తిరిగితే రెండోది. ఒకటి మాత్రం నయం, ఇప్పుడు ఎటూ దొర్లిపోను. అయినా తెల్లారి చూస్తే నా చెయ్యి ఆ అంచునే పట్టుకుని ఉండేది.

ఆ వీడియో నేను చూడలేదు. అందరూ చూసి నవ్విన దాన్ని నేను కూడా ఎందుకు చూడటం అనుకున్నాను. ఒకరోజు దుకాణంలో భోజనాలవేళ, పరీక్ష గదిలో ఒక్కదాన్నే కూర్చుని ఉన్నప్పుడు ఎందుకో తెరిచాను. గొంతులు వినిపించకుండా శబ్దం తీసేశాను. తెల్లటి పరుపు మధ్యలో ఒకావిడ పడుకుని ఉంది. నోరు కొద్దిగా తెరుచుకుంది. నుదుటి మీద గీత లేదు. నాకు ఎప్పుడూ ఉండే ఆ గీత, పుట్టుమచ్చలాగా పుట్టుకతో వచ్చిందేమో అనుకునేదాన్ని. ఎవరిదో చెయ్యి వచ్చి ఆవిడ భుజం కదిపింది. ఆవిడ కదల్లేదు. మళ్ళీ కదిపింది. అయినా కదల్లేదు. ఆవిడ చేతులు రెండూ అరచేతులు పైకి, తెరిచి ఉన్నాయి. దేన్నీ పట్టుకోలేదు.

అందరూ ఇంత చూసి ఎక్కడ నవ్వారో నాకర్థం కాలేదు. మళ్ళీ మొదటినుంచి చూశాను. ఇన్నేళ్ళ కాపురంలో నేను నిద్రపోతుండగా నన్నెవరూ చూడలేదనీ, నన్ను నేను చూసుకోవడం కూడా ఇదే మొదటిసారనీ అప్పుడు తెలిసింది. కళ్ళు చెమర్చాయి గానీ ఏడవలేదు. పలక మీద లైటు వేసి, తర్వాతి మనిషిని పిలిచాను.

ఆ సాయంత్రం తిన్నగా ఇంటికి వెళ్ళలేదు. పరుపులావిడ నన్ను గుర్తుపట్టింది. నవ్వింది గానీ ఆ నవ్వు వేరు.

"ఆ రోజు మిమ్మల్ని లేపొద్దని చెప్పానండీ. మీవారు వినలేదు," అంది.

"వరస చివర ఉన్న పరుపు... అదే. ఒక్క మనిషి పడుకునేది కావాలి."

"పాపకాండీ?"

"నాకు," అన్నాను. ఆ మాట అనడం ఎంత తేలికో, అన్నాక గానీ తెలియలేదు.

వంటింటి పక్కన మాకొక చిన్న గది ఉంది. ఇస్త్రీ బల్ల, పాత సూట్‌కేసులు, మా ఆయన కొన్నాళ్ళు తొక్కి వదిలేసిన కసరత్తు సైకిలు అందులో ఉండేవి. పరుపు వచ్చే రోజు పొద్దున్నే సామానంతా బయటికి లాగి, గది కడిగాను. కిటికీ రెక్క తెరిస్తే తెరుచుకుంది. అది తెరుచుకుంటుందని కూడా మర్చిపోయాం.

పరుపు తెచ్చినవాళ్ళు దాన్ని గదిలో పెట్టి వెళ్ళేదాకా మా ఆయన హాల్లోంచి చూస్తూనే ఉన్నారు. తర్వాత తలుపు దగ్గరికొచ్చి నిలబడ్డారు.

"ఎవరైనా వస్తున్నారా?"

"లేదండీ. నేనే పడుకుంటాను."

"ఏం, మనం విడిపోతున్నామా?"

"విడిపోవడం కాదు. నిద్రపోవడం."

ఆయనకి కోపం తెచ్చుకోవాలో నవ్వాలో తెలియలేదు. కాసేపు సైకిలు పెడలు కాలితో తిప్పారు. "మరి అమ్మ పిలిస్తే?"

"మీ గదే దగ్గర."

"నాకు వినపడదు. నాకు మొద్దునిద్రని నీకు తెలుసుగా."

"వినపడుతుంది. మొదట్లో నాకూ వినపడేది కాదు."

ఆయన అక్కడే నిలబడ్డారు. నేను దుప్పటి పరుస్తున్నాను. నాలుగు మూలలూ ఎత్తి, దోపి, అరచేత్తో సాపు చేశాను. అలా చేస్తుంటే అది నాకోసమే చేసుకుంటున్నానన్న సంగతి ఒళ్ళంతా మెల్లగా పాకింది, స్నానం నీళ్ళు పాకినట్టు. ఆయన ఎప్పుడు వెళ్ళిపోయారో చూడలేదు.

నేను అసలు భయపడింది అత్తయ్యకి. ఆవిడ భోజనాలయ్యాక గోడ పట్టుకుని నెమ్మదిగా నడుచుకుంటూ వచ్చారు. నేను కూర్చోమనలేదు, ఆవిడే కూర్చున్నారు. అరచేత్తో పరుపుని నొక్కారు. వదిలారు. మళ్ళీ నొక్కారు. ఇప్పుడు మొదలవుతుందనుకున్నాను. కాపురాలు చేసుకునే ఆడవాళ్ళు, నలుగురూ ఏమనుకుంటారు, ఎదిగే పిల్ల కళ్ళముందు.

"ఆ రోజు కొట్లో నువ్వు పడుకున్నప్పుడు నేను చూస్తూ కూర్చున్నాను," అన్నారు ఆవిడ. "లేపుతుంటే వాణ్ణి వద్దందామనుకున్నాను. నోరు రాలేదు."

నేను దిండు సర్ది ఆవిడ వీపు వెనక పెట్టాను.

"నా పెళ్ళైన కొత్తలో స్నానాలగదిలో గోడకి ఆనుకుని నిద్రపోయేదాన్ని. అలా కూర్చునే. ఇల్లు మొత్తానికి లోపల్నుంచి గడియ ఉన్నది ఆ ఒక్కదానికే." ఆవిడ పరుపు మీద ముడత ఒకటి వేలితో సాపు చేశారు. "రాత్రుళ్ళు నిన్ను పిలుస్తానే, నాకు అంత దాహమేం ఉండదమ్మాయ్. ఒక్కదాన్నే మేలుకుని ఉండలేక పిలిచేదాన్ని. మంచినీళ్ళు పక్కన పెట్టుకుంటాలే."

ఆవిడ చెయ్యి పట్టుకుందామనిపించింది. మాకది అలవాటు లేదు. ఆవిడ లేవడానికి భుజం ఇచ్చాను. గుమ్మం దగ్గర ఆవిడ ఆగి తలుపుని వెనకా ముందూ చూశారు.

"ఇది లోపల్నుంచి పడుతుందా? వేసి చూసుకున్నావా?"

"చూడలేదు అత్తయ్యా."

"చూసుకో," అని ఆవిడ గోడ పట్టుకుని వెళ్ళిపోయారు.

గడియ తుప్పు పట్టి ఉంది. చుక్క నూనె వేసి అటూ ఇటూ కదిపితే పడింది. ఇంట్లో గిన్నెలు తోమాల్సి ఉంది, ఇస్త్రీ ఉంది, సైకిలు నడవకి అడ్డంగా ఉంది. మధ్యాహ్నపు ఎండ కిటికీలోంచి వచ్చి పరుపు మీద సగం మేర పరుచుకుంది. చెప్పులు విడిచి, పరుపు మధ్యకి వెళ్ళి పడుకున్నాను. భుజం దిగింది. ఎక్కడో బయట ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ పోయారు. ఆ చప్పుడు పల్చబడి, ఇంకా పల్చబడి, దారంలా సాగి తెగిపోయింది.

మా ఆయన టీ కోసం తలుపు కొట్టారట. పిచ్చుక కూడా కొట్టిందట, పేరు పెట్టి పిలిచారట, ఫోన్ చేశారట. సాయంత్రం లేచాక వాళ్ళు చెప్తేనే తెలిసింది. నాకేమీ వినపడలేదు.